టీకా మన బిడ్డల హక్కు, సమ్మతి మన హక్కు

(ముస్లిం కుటుంబాల ఆరోగ్య హక్కులపై చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో సాధారణంగా వక్ఫ్ ఆస్తుల గురించి, రిజర్వేషన్ల గురించి, ఉపకార వేతనాల గురించి, అక్రమ కేసుల గురించి మాట్లాడుకుంటాము. అవన్నీ అవసరమైన చర్చలే. వాటి నడుమ పదేళ్ల ఆడపిల్ల చేతికి వేసే ఒక టీకా గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఇది వైద్యులు చూసుకోవలసిన విషయం కదా అని మరికొందరు భావించవచ్చు. కానీ ఈ విషయంలో మన బిడ్డల ప్రాణాలతోపాటు మన పౌరసత్వపు గౌరవం కూడా ఇమిడి ఉంది. అందుకే దీనిని హక్కుల చర్చగానే మీ ముందు ఉంచుతున్నాము.

మేము చెప్పదలచుకున్నది సూక్ష్మంగా ఇదీ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకా మన ఆడపిల్లలకు అందాలి. అది వారి హక్కు. ఆ టీకా గురించి తల్లిదండ్రులు అన్నీ తెలుసుకుని, అడగవలసినవన్నీ అడిగి, తమ ఇష్టంతో అంగీకరించాలి. అదీ హక్కే. ఈ రెండింటిలో ఒకదాని కోసం మరొకదానిని వదులుకోవలసిన అగత్యం లేదు. రెండూ కలిసి నడిచిన చోటనే టీకా కార్యక్రమాలు విజయవంతమయ్యాయి. రెండవదానిని తొక్కివేసిన చోట మొదటిది కూడా చేజారింది. దీనికి సాక్ష్యం మన తెలుగు నేల మీదనే ఉంది.

వ్యాధి, టీకా

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ఎల్లప్పుడూ మూలకారణం హెచ్.పి.వి. అనే వైరస్. ఈ వైరస్‌లో ఎన్నో రకాలున్నా 16వ, 18వ రకాలే ప్రపంచంలోని ఈ క్యాన్సర్లలో నూటికి డెబ్బయింటికి కారణమవుతున్నాయి. వైరస్ సోకిన చాలామందిలో శరీరమే దానిని వదిలించుకుంటుంది. కొందరిలో అది లోపలే నిలిచిపోయి, పదిహేను ఇరవై ఏళ్ల కాలంలో నెమ్మదిగా క్యాన్సర్‌గా మారుతుంది. అందువల్ల యౌవనంలో సోకినది నలభయ్యో ఏట, బిడ్డలు ఎదుగుతున్న వేళ బయటపడుతుంది. ఇల్లు తల్లిని కోల్పోయేది సరిగ్గా ఆ సమయంలోనే.

2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం ప్రపంచంలో సుమారు 6,60,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది. దాదాపు 3,50,000 మంది మరణించారు. మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 80,000 మంది చనిపోయారని అంచనా. చనిపోయినవారిలో అత్యధికులు పేద దేశాల స్త్రీలే. పరీక్షతో ముందుగా గుర్తిస్తే నయం చేయగలిగిన వ్యాధి ఇది. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత లెక్కల ప్రకారం మన దేశంలో 30 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు.

టీకా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ఇప్పుడు అనుభవమే జవాబు చెబుతున్నది. ఇంగ్లాండులో 12, 13 ఏళ్ల వయసులో టీకా పొందిన స్త్రీలలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో వెల్లడైంది. స్కాట్లాండులో 2008లో కార్యక్రమం మొదలైంది. 12, 13 ఏళ్లకు పూర్తిగా టీకా పొందిన స్త్రీలలో ఒక్కరికి కూడా ఈ క్యాన్సర్ రాలేదని 2024లో అక్కడి ప్రజారోగ్య సంస్థ ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి ప్రతి దేశంలోనూ 15 ఏళ్లలోపు బాలికల్లో 90 శాతానికి టీకా అందాలని లక్ష్యం పెట్టింది. ఈ వయసు బాలికలకు ఒక్క డోసు కూడా సరిపోతుందని 2022లో అదే సంస్థ తెలిపింది.

మన దేశంలో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది. 2023లో అది ప్రైవేటు మార్కెట్‌లోకి వచ్చినప్పుడు డోసు ధర 2,000 రూపాయలు. 9 నుండి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో ప్రకటించింది. ఇక్కడొక మాట గమనించండి. ఖర్చు భరించగలిగిన ఇళ్లలోని ఆడపిల్లలు కార్పొరేటు ఆసుపత్రులలో ఈ టీకాను ఎప్పటినుంచో నిశ్శబ్దంగా వేయించుకుంటూనే ఉన్నారు. బీడీలు చుట్టే తల్లి, ఆటో నడిపే తండ్రి ఇద్దరు కూతుళ్లకు ఆ ధర చెల్లించగలరా? ప్రభుత్వ టీకా మన గుమ్మం ముందుకు వచ్చినప్పుడు భయంతో తలుపు మూసుకుంటే, ఆ రక్షణ ధనవంతుల బిడ్డలకే పరిమితమైపోతుంది.

భయానికి చరిత్ర ఉంది

అయితే ఆ తలుపు ఎందుకు మూసుకుంటున్నదో కూడా చెప్పాలి. ముస్లింలు అజ్ఞానం వల్ల టీకాలను కాదంటారని తేలికగా అనేవారున్నారు. ఆ మాట అన్యాయమైనది. మన భయాలు ఊహల్లోంచి పుట్టలేదు.

1975 నుండి 1977 వరకు దేశంలో అత్యవసర పరిస్థితి నడిచింది. 1976-77లో ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో ఎన్నో బలవంతంగా జరిగినవే. 1976లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు వద్ద, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్‌లో ప్రజల మీద కాల్పులు జరిగాయి. నస్‌బందీ అన్న మాట ఆ తరం చెవుల్లో అలాగే నిలిచిపోయింది. ప్రభుత్వపు చేతిలో సూదిని చూసినప్పుడు సంతానం గురించిన భయం తలెత్తడం ఆ జ్ఞాపకపు ఫలితమే.

2011లో పాకిస్తాన్‌లోని అబ్బొట్టాబాద్‌లో అమెరికా గూఢచారి సంస్థ ఒక వైద్యుని ద్వారా బూటకపు హెపటైటిస్ టీకా కార్యక్రమం నడిపించింది. ఒకరి ఆచూకీ తీయడానికి పిల్లల టీకాను ముసుగుగా వాడుకున్నది. ఇకముందు టీకా కార్యక్రమాలను అలా వాడబోమని 2014లో అమెరికా ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. ఆ లోపల పోగొట్టుకున్న నమ్మకానికి మూల్యం చెల్లించింది పిల్లలు, పోలియో కార్యకర్తలు.

ఇక మన నేల సంగతి. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఇదే హెచ్.పి.వి. టీకాపై ఒక ప్రదర్శన ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దానిని నడిపాయి. 10 నుండి 14 ఏళ్ల బాలికలు వేల సంఖ్యలో టీకా పొందారు. వారిలో చాలామంది ఆదివాసీ బాలికలు, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నవారు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాంటిదే నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తల నేపథ్యంలో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. నీటిలో మునగడం, పాముకాటు వంటి కారణాలు అందులో ఉన్నాయి. కానీ విచారణలో మరొకటి బయటపడింది. తల్లిదండ్రులు సంతకం చేయవలసిన సమ్మతి పత్రాలలో రెండువేలకు పైగా పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. ఎన్నో పత్రాల మీద వేలిముద్రలే ఉన్నాయి. ఆ తల్లిదండ్రులకు విషయం అర్థమయ్యేలా ఎవరు చెప్పారో, అసలు చెప్పారో లేదో రుజువు లేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా ఖండించింది.

ఖమ్మం మనకు నేర్పుతున్నదేమిటి? టీకా చెడ్డదని ఆ చరిత్ర నిరూపించలేదు. అడగకుండా చేసిన మేలు కూడా నిలవదని నిరూపించింది. తల్లి తెలిసి సంతకం చేసి ఉంటే, ఆమె బిడ్డకు ఏదైనా జరిగిననాడు ఎవరిని అడగాలో ఆమెకు తెలిసి ఉండేది. అడిగే దారి లేనిచోట అనుమానమే మిగిలింది. ఆ తరువాత ఎన్నో ఏళ్లపాటు ఈ టీకా మాట ఎత్తినప్పుడల్లా ఖమ్మం పేరే ముందుకు వచ్చింది.

పోలియో నాటి పాఠం

నమ్మకం పోయిన చోట తిరిగి నిలబెట్టగలమా? నిలబెట్టగలమని చెప్పడానికి మన దేశమే సాక్ష్యం.

2002లో భారతదేశంలో 1,600 పోలియో కేసులు వచ్చాయి. వాటిలో ఎక్కువ ఉత్తరప్రదేశ్‌లోనే. ఆ రాష్ట్రపు పశ్చిమ జిల్లాల్లో మన కుటుంబాలు తలుపులు వేసుకున్నాయి. చుక్కల మందు వేయిస్తే పిల్లలకు సంతానం కలగదన్న పుకారు వాడవాడలా తిరిగింది. నస్‌బందీ రోజులను చూసిన నేల అది. అక్కడ ఉపన్యాసాలు, పోస్టర్లు పనిచేయలేదు. పోలీసులను వెంటబెట్టుకుని రావడం మరింత చెరుపు చేసింది.

పరిస్థితిని మార్చినది భాగస్వామ్యం. ఆ వాడలోనే పుట్టి పెరిగిన స్త్రీలను కార్యకర్తలుగా తీసుకున్నారు. ఏ ఇంట్లో ఎందరు పిల్లలున్నారో, ఎవరు ఎందుకు వద్దంటున్నారో వారికి తెలుసు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా, జామియా హందర్ద్ వంటి సంస్థలు ముందుకు వచ్చాయి. మసీదుల మైకుల్లో ప్రకటనలు వినిపించాయి. ఇమాములు తమ చేతులతో పిల్లలకు చుక్కలు వేశారు. మరొక మార్పు కూడా వచ్చింది. ప్రజలు తమ ఇతర అవసరాలను గట్టిగా ముందుపెట్టారు. మురుగునీరు, విరేచనాలు, మిగిలిన టీకాల మాటేమిటని అడిగారు. చేతులు కడుక్కోవడం, శుభ్రత, ఇతర టీకాల సంగతులు కూడా ఆ కార్యకర్తల పనిలో చేరాయి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో రహిత ప్రాంతంగా ధ్రువీకరణ లభించింది. ఆ విజయంలో పేరు తెలియని వేలాది ముస్లిం స్త్రీల నడక ఉంది. ఆ ఘనత మనకూ చెందినదని మనం తరచుగా మరచిపోతాము.

ముస్లిం దేశాల అనుభవం

హెచ్.పి.వి. టీకా విషయంలో ముస్లిం సమాజాలు ఏమి చేస్తున్నాయో కూడా చూడండి. మలేషియా 2010 నుండే పాఠశాలల ద్వారా బాలికలకు ఈ టీకా ఇస్తున్నది. బంగ్లాదేశ్ 2023 అక్టోబరులో ఢాకా డివిజన్‌లో ప్రారంభించి, 2024లో మిగిలిన డివిజన్లకు విస్తరించింది. ఐదు నుండి తొమ్మిదో తరగతి వరకు చదివే బాలికలతోపాటు, బడికి వెళ్లని 10 నుండి 14 ఏళ్ల బాలికలను కూడా లెక్కలోకి తీసుకున్నది. లక్ష్యంగా పెట్టుకున్న బాలికల్లో నూటికి తొంభై మందికి పైగా టీకా అందింది.

పాకిస్తాన్‌లో 2025 సెప్టెంబరులో కార్యక్రమం మొదలైనప్పుడు సంతానలేమి పుకార్లు సామాజిక మాధ్యమాల్లో వెల్లువెత్తాయి. ఆ దేశ ఆరోగ్య మంత్రి ముస్తఫా కమాల్ అందరి ఎదుట తన కూతురికే టీకా వేయించారు. పుకారుకు ప్రకటనతో జవాబు ఇవ్వలేమని ఆయన గ్రహించారు. ముందు తన బిడ్డ చేయి చాపిన తండ్రి మాటను జనం వింటారు.

ఆఫ్రికాలోని రువాండా 2011లో దేశవ్యాప్తంగా టీకా మొదలుపెట్టిన తొలి ఏడాదే 93 శాతం బాలికలకు మూడు డోసులూ అందించింది. అది ధనిక దేశం కాదు. బడికి రాని బాలికలను గ్రామ ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటా వెతికి తీసుకువచ్చారు. మన దేశంలో సిక్కిం 2018లో తల్లిదండ్రులతో, ఉపాధ్యాయులతో, పత్రికలవారితో, వైద్యులతో ముందుగా మాట్లాడి, 9 నుండి 14 ఏళ్ల బాలికల్లో నూటికి తొంభై ఐదు మందికి పైగా తొలి డోసు వేయగలిగింది.

మన ఇళ్లలో వినిపించే ప్రశ్నలు

మన తల్లులు అడిగే ప్రశ్నలను పక్కన పెట్టడం మాకు ఇష్టం లేదు. వాటిని ఒక్కొక్కటిగా తీసుకుందాము.

పిల్లలు పుట్టకుండా చేస్తుందా? చేయదు. ఈ టీకాలో ఉన్నది వైరస్ పైపొరను పోలిన ప్రొటీన్ మాత్రమే. అందులో జీవమున్న వైరస్ లేదు, హార్మోను లేదు. దాదాపు ఇరవై ఏళ్లుగా ఎన్నో దేశాల్లో కోట్లాది బాలికలు దీనిని పొందారు. వారిలో ఎందరో పెళ్లిళ్లు చేసుకుని తల్లులయ్యారు. నిజానికి ఈ క్యాన్సర్ వస్తేనే స్త్రీ గర్భసంచిని తీసివేయవలసిన పరిస్థితి రావచ్చు.

ఇందులో హరామ్ పదార్థం ఉందా? ఇది ధర్మబద్ధమైన ప్రశ్న. అడగవలసినదే. ఎక్కువగా వాడుకలో ఉన్న గార్డసిల్ టీకా పదార్థాల జాబితాలో జెలటిన్ లేదు. ఏ కంపెనీ టీకా మన ఊరికి వచ్చినా, దాని పెట్టె మీది పదార్థాల పట్టికను ముందుగా తెప్పించుకుని, వైద్యుని సమక్షంలో మన ఆలిములకు చూపించే ఏర్పాటు చేసుకోవచ్చు. వ్యాధికి చికిత్స పొందడం, ప్రాణాన్ని కాపాడుకోవడం మన ధర్మం ప్రోత్సహించే పనులే.

మన పిల్లలు పద్ధతిగా పెరుగుతున్నారు, ఈ టీకా మనకెందుకు? ఈ మాటను గౌరవంతోనే అందుకుంటున్నాము. శీలం గల భార్యకు కూడా భర్త నుండి ఈ వైరస్ రావచ్చు. భర్తకు అది ఎప్పుడు సోకిందో అతనికే తెలియకపోవచ్చు. క్యాన్సర్ ఎవరి నడవడికనూ విచారించదు. టీకాను చిన్న వయసులో వేయడానికి కారణం ఒక్కటే. వైరస్ తగలకముందు వేస్తేనే పూర్తి రక్షణ ఉంటుంది, ఆ వయసులో శరీరం బలంగా స్పందిస్తుంది. టీకా వేయించుకున్న పిల్ల మీద ఎవరైనా నిందమాట వేస్తే, ఆ నింద వేసినవారిదే తప్పు.

ముస్లిం స్త్రీలకు ఈ వ్యాధి రాదంటారు కదా? మగవారికి సున్తీ ఉన్న సమాజాల్లో ఈ వ్యాధి కొంత తక్కువన్నది నిజం. కానీ తక్కువ అంటే లేదని అర్థం కాదు. బంగ్లాదేశ్‌లో 2020 అంచనా ప్రకారం దాదాపు 5,000 మంది, పాకిస్తాన్‌లో 3,000 మందికి పైగా స్త్రీలు ఈ వ్యాధితో మరణించారు. వారిలో అత్యధికులు మన సోదరీమణులే.

వికటిస్తే ఎలా? సూది గుచ్చిన చోట నొప్పి, వాపు, ఒక రోజు జ్వరం, తలనొప్పి రావచ్చు. ఈ వయసు పిల్లలు సూది భయంతో కళ్లు తిరిగి పడిపోవడం కూడా ఉంది. అందుకే టీకా తరువాత కూర్చోబెట్టి కొంతసేపు గమనించాలి. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు. గతంలో ఏ మందుకైనా, టీకాకైనా తీవ్ర అలర్జీ వచ్చిన పిల్ల విషయం ముందుగానే వైద్యునికి చెప్పాలి.

ఎవరు మిగిలిపోతారు?

టీకా బృందం సాధారణంగా బడికి వస్తుంది. బడిలో లేని పిల్లకు టీకా ఉండదు. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో, 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడికి వెళ్లనివారో, మధ్యలో మానివేసినవారో అని చెప్పింది. అప్పటికీ ఇప్పటికీ మార్పు వచ్చి ఉండవచ్చు. అయినా ఏడో తరగతితో చదువు ఆపి ఇంట్లో తల్లికి సాయంగా ఉన్న పిల్ల, జరీ పనిలో కూర్చున్న పిల్ల, బాలికల మదరసాలో చదువుతున్న పిల్ల మన వాడల్లో ఉన్నారు. బడి రిజిస్టరులో వారి పేర్లు ఉండవు. వారి పేర్లు తెలిసినది మన మొహల్లాకే. ప్రభుత్వానికి మన భాగస్వామ్యం అవసరమయ్యేది ఇక్కడ.

రెండవ వర్గం హాస్టళ్లలోని పిల్లలు. తెలంగాణలో 2016 నుండి మైనారిటీ గురుకులాలు ఏర్పడ్డాయి. రెండు వందలకు పైగా ఉన్న ఆ గురుకులాల్లో మన ఆడపిల్లలు పెద్దసంఖ్యలో చదువుతున్నారు. అది సంతోషించవలసిన విషయం. 2009లో ఖమ్మంలో ఆదివాసీ బాలికలు ఉన్న స్థితిలోనే, అంటే తల్లిదండ్రులకు దూరంగా, ఈరోజు మన బాలికలు ఉన్నారు. వార్డెన్ ఎంత మంచివారైనా తల్లి స్థానంలో సంతకం చేయరాదు. ఆనాడు ఆ ఆదివాసీ తల్లిదండ్రులకు జరిగిన అన్యాయాన్ని మనం మరచిపోకపోవడమంటే, రేపు ఏ గురుకులంలోనూ, అది మైనారిటీదైనా, గిరిజనులదైనా, దళితులదైనా, అలా జరగనివ్వకపోవడమే.

మనం కోరవలసినవి

ఆరోగ్య శాఖను మనం కోరవలసినవి స్పష్టంగా ఉండాలి. టీకా తేదీకి కనీసం రెండు వారాల ముందు ఉర్దూలో, తెలుగులో సమాచార పత్రం ప్రతి ఇంటికీ చేరాలి. అందులో టీకా పేరు, తయారుచేసిన కంపెనీ, పదార్థాలు, రాగల ఇబ్బందులు ఉండాలి. చదవలేని తల్లికి చదివి వినిపించాలి. సమ్మతి పత్రంపై తల్లి లేదా తండ్రి సంతకమే ఉండాలి. పిల్లకు కూడా తన వయసుకు తగినట్టు విషయం చెప్పి, ఆమె మాట వినాలి.

టీకా వేసేవారు స్త్రీలై ఉండాలి. చాటైన గది ఉండాలి. తేదీలు నిర్ణయించేటప్పుడు రంజాన్ ఉపవాస దినాలను తప్పించాలి. ఉపవాసంతో నీరసంగా ఉన్న పిల్ల కళ్లు తిరిగి పడిపోతే ఆ నింద టీకా మీదికే వస్తుంది. ఏదైనా ఇబ్బంది కలిగితే రాత్రయినా పిలవడానికి బాధ్యుడైన వైద్యుని పేరు, ఫోను నంబరు సమ్మతి పత్రం వెనుక రాసి ఇవ్వాలి. చికిత్స ఖర్చు ఎవరిదో ముందే చెప్పాలి. ఎక్కడైనా ప్రతికూల సంఘటన జరిగితే దాచకుండా విచారించి ఫలితాన్ని ప్రకటించాలి.

ఒప్పుకోని కుటుంబాన్ని బెదిరించరాదు. రేషను, ఉపకార వేతనం వంటివాటితో ముడిపెట్టరాదు. కాదన్నవారి ఇంటికి మరోసారి వెళ్లి మర్యాదగా మాట్లాడవచ్చు. వారిని సమాజపు శత్రువులుగా చూపించడం మాత్రం మేము ఒప్పుకోము.

మనం చేయవలసినవి

కోరికల జాబితాతో మన పని ముగియదు. ప్రతి మసీదు కమిటీ, మొహల్లాలోని చదువుకున్న ఆడపిల్లల సాయంతో, 9 నుండి 14 ఏళ్ల బాలికలున్న ఇళ్ల జాబితా తయారు చేయాలి. బడి మానినవారి పేర్లు ముందు రాయాలి. ఆ జాబితా ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు టీకా పనికి మాత్రమే ఇవ్వాలి. వేరే పనికి వాడబోమని వారి నుండి మాట తీసుకోవాలి. పౌరసత్వ పత్రాల గురించి ఆందోళన ఉన్న ఈ కాలంలో ఆ జాగ్రత్త అవసరం.

స్త్రీల ఇజ్తెమాకు ఒక లేడీ డాక్టరును పిలవండి. మగవారు లేనిచోట తల్లులు అడగలేని ప్రశ్న ఉండదు. జుమా ప్రసంగంలో ఇమాం సాహెబ్ ఐదు నిమిషాలు ఈ విషయం చెబితే, తండ్రులు ఇంటికి వెళ్లి మాట్లాడతారు. ఇంట్లో చివరి మాట తరచుగా నానమ్మది, అమ్మమ్మది అవుతుంది. వారినీ పిలవండి. కమిటీ పెద్దలు, మా వంటి కార్యకర్తలు తమ ఇంటి బిడ్డలకు మొదట వేయించాలి. తన కూతురికి వద్దనుకున్నదానిని ఇతరుల కూతుళ్లకు చెప్పే అర్హత ఎవరికీ లేదు.

వాట్సాప్‌లో భయపెట్టే వీడియో వస్తే, పదిమందికి పంపేముందు దానిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించి జవాబు అడగండి. ఆ జవాబును కూడా అదే గుంపులో పెట్టండి. టీకా రోజున వాడలోని ఇద్దరు ముగ్గురు స్త్రీలు పిల్లల వెంట ఉండాలి. వారం లోపల ప్రతి ఇంటికీ వెళ్లి పిల్ల ఎలా ఉందో కనుక్కోవాలి. టీకా వేసేవరకే కనిపించి ఆ తరువాత కనిపించనివారిని ఎవరూ నమ్మరు.

మరొక విన్నపం. పిల్లకు టీకా వేయించిన తల్లి తన సంగతి మరవరాదు. ముప్పై దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ క్యాన్సర్ పరీక్ష జరగవలసి ఉంది. టీకా తల్లికి ఆలస్యమైంది. పరీక్ష ఆలస్యం కాలేదు. మీ ఊరి కేంద్రంలో ఆ పరీక్ష జరుగుతున్నదో లేదో అడగండి. జరగకపోతే వ్రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. టీకా కోసం ఏర్పడిన మొహల్లా బృందం ఈ పని కూడా చేయగలదు.

సోదర సోదరీమణులారా, మైనారిటీలకు ఆరోగ్య హక్కు అంటే ఆసుపత్రిలో వివక్ష లేకుండా మంచం దొరకడం మాత్రమే అనుకోరాదు. రాగల వ్యాధిని ఆపే సాధనం సమానంగా అందడం కూడా హక్కే. దానిని గురించి మనతో గౌరవంగా మాట్లాడటం కూడా హక్కే. ఇప్పుడు పదేళ్లున్న మన బిడ్డకు ముప్పై ఐదేళ్లు నిండే నాటికి ఈ సభలో ఉన్న మనలో ఎందరము ఉంటామో అల్లాహ్‌కే తెలుసు. ఆనాడు ఆమె ఆరోగ్యంగా తన పిల్లలకు అన్నం పెడుతూ ఉండాలంటే, ఈ సంవత్సరం ఆమె తల్లి ఒక కాగితాన్ని చదివి, అడగవలసింది అడిగి, తన చేతితో సంతకం చేయాలి. ఆ కాగితాన్ని ఆమెకు చదివి వినిపించే మనిషి ఆమె వాడలోని మనిషే అయి ఉండాలి. అందుకు సిద్ధపడేవారు సభ ముగిసిన తరువాత మొహల్లావారీగా తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

అల్లాహ్ మన బిడ్డలను కాపాడుగాక. వస్సలాము అలైకుమ్.